ఎడమ భుజం

రంగుల దుకాణంలో ఆమె పని రంగులు కలపడం. అందుకు యంత్రం ఉంది, కంప్యూటరూ ఉంది. నంబరు కొడితే డబ్బాలో రంగు చుక్కలు చుక్కలుగా దానంతటదే పడుతుంది. కానీ పాతికేళ్ల కిందటి గోడ నుంచి పెచ్చు ఊడబెరుక్కొచ్చి "ఇదే రంగు కావాలి" అనేవాళ్లకి ఏ నంబరూ పనికిరాదు. అలాంటివాళ్లని ఓనరుగారు నేరుగా ఆమె దగ్గరికి పంపేవాడు. ఆమె ఆ పెచ్చుని గుమ్మం దగ్గరి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేది. తెల్లరంగులో ఇంత పసుపు, కాస్త నలుపు, పుల్ల మొనతో పిసరంత ఎరుపు వేసి కలిపి, అట్టముక్క మీద పూసి ఆరబెట్టి ఇచ్చేది. పెచ్చు ఏదో అట్ట ఏదో పోల్చుకోలేకపోయేవారు. పదమూడేళ్లుగా అదే పని. కంపెనీలు రంగులన్నీ వరసగా అచ్చువేసి ఇచ్చే అట్ట పేరుతో దుకాణంలో అందరూ ఆమెను "షేడ్‌కార్డు" అనేవాళ్లు. పెళ్లయిన కొత్తలో భర్త కూడా ఆ పేరే పట్టుకున్నాడు. "మా షేడ్‌కార్డుకి కోపం వస్తే ఏ రంగులోకి మారుతుందో కంపెనీవాడికి కూడా తెలీదు" అని స్నేహితుల దగ్గర అనేవాడు.

అతను ఇంటింటికీ గ్యాసు సిలిండర్లు వేసేవాడు. వీధి చివర బండి ఆపి, సిలిండరు భుజాన వేసుకుని మెట్లెక్కేవాడు. నాలుగో అంతస్తయినా మధ్యలో దించేవాడు కాదు. ఇంట్లో అతనూ ఆమే కాక అతని తల్లి ఉండేది. ముగ్గురే. పిల్లలు లేరు. నది పక్కన పల్లపు వీధిలో రెండు గదుల అద్దె ఇల్లు.

ఆ ఏడు మూడు రోజులు తెరిపి లేకుండా వాన కురిసింది. నాలుగో రోజూ వాన తగ్గలేదు, పొద్దున పదింటికి నీళ్లు వీధిలోకి వచ్చాయి. పదిన్నరకి గడపలు దాటాయి. అతను తల్లిని వీపున ఎక్కించుకుని వీధి చివరి బడి పై అంతస్తులో దించాడు. భార్య గిన్నెల సంచీ పట్టుకుని వెనకాలే నడిచింది. వాళ్లిద్దరినీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వచ్చేస్తా" అని మళ్లీ మెట్లు దిగాడు. ఆమె కిటికీలోంచి చూసింది. నీళ్లు అతని ఛాతీ దాకా ఉన్నాయి. గోడలు పట్టుకుని నడుస్తూ మలుపు తిరిగాడు. కాసేపటికి ఎక్కడో ఒక గోడ కూలిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత మలుపు దగ్గర నీళ్ల వేగం మారిపోయింది.

ఆ వీధిలోనూ పక్క వీధిలోనూ కలిపి పంతొమ్మిది మంది పోయారు. ఎనిమిది మంది శవాలు దొరికాయి. పదకొండు మందివి దొరకలేదు. అతను ఆ పదకొండు మందిలో ఒకడు.

రంగుల దుకాణం మెరక మీద ఉంది కాబట్టి దానికేమీ కాలేదు. ఓనరుగారు వెనక పెరట్లో ఉన్న సామాన్ల గది ఖాళీ చేయించి అత్తాకోడళ్లకి ఇచ్చాడు. ఒక కిటికీ, రెండు ఇనప మంచాలు, మూలన స్టవ్వు. గదికి ఎప్పుడూ టర్పెంటైన్ వాసన. అత్తగారికి నీటికాసుల జబ్బు. ఇటుక చిల్లులోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది కొంచెమే కనిపించేది, అదీ మసకగా. గాఢమైన రంగు ఏదైనా దగ్గరగా ఉంటే మాత్రం పోల్చుకునేది.

ఆ గదిలో వాళ్లిద్దరి మధ్య మాటలు అవసరానికి సరిపడా మాత్రమే నడిచేవి.

"తిన్నారా అత్తయ్యా?"

"తిన్నా."

"మందు వేసుకున్నారా?"

"ఊఁ."

అత్తగారు మాట్లాడకపోవడానికి కారణం తనకి తెలుసని కోడలు అనుకునేది. ఆ రోజు బడి మెట్ల మీద తను భర్త వెనకాలే నాలుగు మెట్లు దిగింది. "ఫోటోల పెట్టె అటక మీద ఉంది. వీలైతే..." అంది. అతను తలూపాడు. ఆ "వీలైతే" అనే మాట రోజుకి వందసార్లు ఆమె చెవిలో మోగేది. వీలుకాకపోతే తిరిగి వచ్చెయ్యమని చెప్పలేదు. చెప్పినట్టే కదా అని ఒకసారి అనిపించేది, లేదు చెప్పలేదు అని ఇంకోసారి. అత్తగారి చెవులు చురుకైనవి. విని ఉంటుంది. వినీ తిట్టడం లేదంటే అంతకన్నా పెద్ద శిక్ష వేరే ఏముంటుంది?

ఫోటోలన్నీ పోయాయి. ఫోన్లూ పోయాయి. గ్యాసు ఏజెన్సీవాళ్లు అతని గుర్తింపు కార్డు నకలు వెతికి ఇచ్చారు. బొటనవేలి గోరంత బొమ్మ. స్టూడియోలో పెద్దది చేయిస్తే చుక్కలు చుక్కలుగా ఎవరో తెలియని మనిషి బయటపడ్డాడు. కళ్లు పెద్దవి చేసి, దవడ బిగించి, ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు ఉన్నాడు. ఆమె దాన్ని గోడకి తగిలించలేదు. మంచం కింద బోర్లించి పెట్టింది.

మూడో నెలలో ఇంకో భయం పట్టుకుంది. అతని గొంతు గుర్తుంది, నడక గుర్తుంది, కానీ ఒంటి రంగు గుర్తు రావడం లేదు. వేల రంగులు కలిపిన మనిషి. కళ్లు మూసుకుని "చామనఛాయ" అనుకునేది. కానీ చామనఛాయ అంటే ఏమిటి? అదొక మాట. ఏ డబ్బా మీదైనా రాసుకోవచ్చు.

అలాంటి రోజుల్లో ఒకాయన పాత బీరువా తలుపు చెక్క పట్టుకొచ్చాడు. దానికి సరిపడే ఎనామెల్ కావాలన్నాడు. ఆమె కలుపుతోంది. గోధుమ, పసుపు, పుల్ల మొనతో ఎరుపు. ఇంక కాస్త నలుపు పడితే చెక్క రంగు వచ్చేస్తుంది. నలుపు డబ్బా మూత తీసిన చెయ్యి అలాగే ఆగిపోయింది. డబ్బాలో అతని మెడ ఉంది. వెనక వైపు, చొక్కా కాలరుకీ జుట్టుకీ మధ్య, ఎండకి కమిలి ముఖం కన్నా ఒక వన్నె ముదిరిన చోటు. సాయంత్రం అతను వంగి బూట్లు విప్పుకునేటప్పుడు రోజూ చూసిన చోటు.

"అయిందామ్మా?" అన్నాడు వచ్చినాయన.

"ఇది కాదండీ. మళ్లీ కలుపుతాను" అంది. ఆ డబ్బాకి మూత గట్టిగా కొట్టి, అర కింద పెట్టి, ముందు ఇంకో రెండు డబ్బాలు అడ్డం పెట్టింది.

ఆ సాయంత్రం పెరటి గోడ మీద జానెడు మేర ఆ రంగు పూసి చూసింది. రంగు సరిగ్గా అదే. కానీ గోడ గోడలాగే ఉంది. ఆ రంగుకి ఒక మనిషి కావాలనిపించింది.

ఆదివారం పల్లపు వీధికి వెళ్లింది. వరద తెచ్చినవీ ఇళ్లలోంచి తోసినవీ అన్నీ బడి గోడకి ఆనుకుని ఇంకా గుట్టగా పడి ఉన్నాయి. మున్సిపాలిటీ లారీ ఎన్నిసార్లు ఎత్తినా తరగలేదు. బురద ఎండి అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఆమె గుట్ట చుట్టూ రెండుసార్లు తిరిగింది. టేబుల్ ఫ్యాను జాలీ ఒకటి కనిపించింది. ఒక పక్క సొట్టపోయి లోపలికి వంగి ఉంది. ఎత్తి తన ఛాతీకి ఆనించుకుని చూసింది. పక్కటెముకల్లా ఉంది. అది చంకన పెట్టుకుని వచ్చేసింది.

తర్వాత రోజూ పని అయ్యాక ఒక చుట్టు వెళ్లేది. మంచం పైపులు తెచ్చింది, వెన్నెముకకీ కాళ్లకీ. సైకిలు హ్యాండిలు తెచ్చింది, భుజాలకి. ఇస్త్రీ దుకాణంలోంచి కొట్టుకొచ్చిన రెండు పాత ఇస్త్రీ పెట్టెలు దొరికాయి. మోయలేక ఒక్కోటి ఒక్కో రోజు తెచ్చింది. అవి పాదాలు. కిటికీ బందులు ఏరింది. చిన్నవి నాలుగు వరసగా కలిపితే వేలులా మడత పడతాయి. ముఖానికి ఏదీ సరిపోలేదు. చాలా రోజులకి మోపెడ్ పెట్రోలు ట్యాంకు ఒకటి దొరికింది. నిలువుగా నిలబెడితే అతని కోల ముఖం. పెట్రోలు పోసే మూత ఉన్న చోట నోరు.

వీటన్నిటినీ కట్టుతీగతో కట్టి నిలబెట్టడానికి చూసింది. నిలబడలేదు. అప్పుడే దుకాణం షట్టరు బాగుచెయ్యడానికి వెల్డరు వచ్చాడు. అరవై దాటినవాడు. నోరు ఊరుకోదు.

"ఏంటమ్మాయ్, పాత ఇనప సామాన్ల కొట్టు పెడుతున్నావా? మీ ఓనరుగారికి పోటీనా?"

"మనిషి, బాబాయ్."

"మనిషా? ఎవరే?"

ఆమె చెప్పింది. వెల్డరు పెట్రోలు ట్యాంకుని చేత్తో తట్టి, మూత తీసి వాసన చూసి, "ముందు దీన్ని నీళ్లతో కడిగి నాలుగు రోజులు ఎండలో పెట్టు. లోపల ఆవిరి ఉంటే నన్ను కూడా బొమ్మ చెయ్యాల్సి వస్తుంది" అన్నాడు. షట్టరు పని అయ్యాక యంత్రం పెరట్లోకి లాక్కొచ్చాడు. నల్లద్దాల జోడు ఒకటి ఆమెకిచ్చాడు. "పట్టుకో. గట్టిగా. మంట వైపు చూడకు."

పదకొండు రోజులు పట్టింది. మనిషి నిలబడ్డాడు. ఆమె పక్కకెళ్లి చూసింది, దూరం నుంచి చూసింది. అన్నీ ఉన్నాయి. కానీ బట్టల కొట్టులో నిలబెట్టిన బొమ్మలా ఉంది. ఎక్కడ తేడా వచ్చిందో అంతు పట్టలేదు. "నాకు చేతకాలేదు బాబాయ్" అంది.

గది గుమ్మంలో అలికిడి అయింది. అత్తగారు గోడ పట్టుకుని వస్తోంది. పదకొండు రోజులుగా వెల్డింగు చప్పుడు వింటున్న మనిషి, ఒక్కసారీ ఇదేమిటని అడగలేదు. ఇప్పుడు నేరుగా ఆ బొమ్మ ముందుకొచ్చి ఆగింది.

ముసలావిడ వంగింది. ఇస్త్రీ పెట్టెల మీద చెయ్యి పెట్టింది. అక్కణ్ణుంచి పైపు వెంట మోకాలికీ నడుముకీ ఫ్యాను జాలీకీ వచ్చింది. జాలీ సొట్ట దగ్గర వేళ్లు కాసేపు ఆగాయి. తర్వాత రెండు చేతులూ చాచి హ్యాండిలు రెండు కొసలూ పట్టుకుంది.

"ఇది తప్పు" అంది.

"ఏది అత్తయ్యా?"

"భుజాలు. వీడు బరువు దించేసి నిలబడ్డాడు. ఎప్పుడు దించాడమ్మా వీడు? ఎడమ భుజం కిందికుండాలి. ఖాళీగా ఉన్నా అంతే. చొక్కా కుట్టించిన ప్రతిసారీ దర్జీ వీణ్ణి తిట్టేవాడు, సరిగ్గా నిలబడవయ్యా అని. తల కుడివైపుకి వాలాలి. సిలిండరుకి చోటిచ్చి ఇచ్చి అలాగే అలవాటైపోయింది."

కోడలు వెల్డరు వైపు చూసింది. అతను అప్పటికే కోతయంత్రం అందుకున్నాడు. హ్యాండిలు కోశారు. అత్తగారు ఎడమ కొస పట్టుకుని "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆపు" అంది. వెల్డరు అక్కడే అతికాడు. ట్యాంకు కూడా ఊడదీసి ఒక వేలెడు కుడికి వంచి పెట్టాడు.

ఇనుము చల్లారాక అందరూ వెనక్కి జరిగారు. అతనే. ఎవరింటి ముందో తలుపు తీస్తారని ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డాడు. వెల్డరు జోడు తీసి కళ్లు తుడుచుకుని, "ఈ పొగ ఒకటి" అని గొణుక్కున్నాడు.

ఆ మర్నాడు అత్తగారు స్టూలు తెచ్చుకుని పెరట్లో కూర్చుంది. కోడలు తుప్పు గీకి, ఎర్ర ప్రైమరు పట్టించింది. మెడ వెనక ఆ డబ్బాలోని రంగు వేసింది. వేస్తూ అత్తగారి వేలు పట్టుకుని అక్కడికి తీసుకెళ్లి, "ఇక్కడ మాత్రం అచ్చం ఆయన రంగే" అంది.

"నాకు అది కనబడదు కదమ్మా. మిగతాదైనా నాకు కనబడేలా వెయ్యి."

"కనబడాలంటే గాఢంగా వెయ్యాలి. ఆయన అలా ఉండరు కదా."

"నువ్వు చూసింది నువ్వు వెయ్యి. నాకు తెలిసింది నేను చెప్తాను. పక్కటెముకలు పసుపు. పొద్దున లేస్తూనే ఏదో కూనిరాగం తీసేవాడు కదా, మనిద్దరినీ నిద్ర పోనివ్వకుండా. ఆ పసుపు."

ఆమె మందార పువ్వు పుప్పొడిలాంటి పసుపు కలిపి జాలీ అంతా పూసింది. అత్తగారు ముందుకు వంగి, "ఆఁ. ఉన్నాడు" అంది.

"మోకాళ్లు ఎర్రగా వెయ్యి. మండేటట్టు."

"ఎందుకు?"

"నొప్పి పెట్టేవి వాడికి. నీకు చెప్పలేదా?"

"లేదు."

"నాకూ చెప్పలేదు. మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టుకీ గోడ తడిమే చప్పుడు వినబడేది. కళ్లు లేనివాళ్లకి ఇలాంటివన్నీ తెలుస్తాయి."

కోడలు కుంచె పట్టుకుని మోకాళ్ల దగ్గర చాలాసేపు కూర్చుండిపోయింది. ఏడేళ్లు కాపురం చేసింది. ఆ మోకాళ్లు నొప్పి పెడతాయని ఆమెకి తెలియదు. ఎరుపు వేసింది. ఒక పూత చాలదనిపించి రెండో పూత కూడా వేసింది. చేతులకి ఏ రంగూ వద్దని ఇద్దరూ అనుకున్నారు. బందులు ఇంకా గీకలేదు, తుప్పు రంగులోనే వదిలేశారు.

మూడో రోజు ఆమె ఒంటరిగా ఇంకో రంగు కలిపింది. బూడిద, గోధుమ, కాస్త ఆకుపచ్చ. అది కలపడానికి నిమిషం కూడా పట్టలేదు. వెడల్పాటి కుంచెతో పాదాల నుంచి మొదలుపెట్టి, పైపుల మీదుగా, ఎర్రటి మోకాళ్ల మీదుగా, పైకి పూస్తూ వచ్చింది.

స్టూలు మీంచి అత్తగారు అడిగింది. "ఏం వేస్తున్నావమ్మాయ్? నాకేమీ తెలియట్లేదు. ఉన్నది కూడా పోతోంది."

"వరద నీళ్ల రంగు అత్తయ్యా. ఛాతీ దాకా వేస్తున్నాను. నేను ఆఖరిసారి చూసినప్పుడు అక్కడిదాకా ఉన్నాయి."

దుకాణం ముందు ఎవరో డబ్బాలు దించుతున్న చప్పుడు వస్తోంది.

"వాణ్ణి వెనక్కి పంపింది నేను" అంది ముసలావిడ.

కోడలు కుంచె ఆపింది.

"బెంచీ మీద కూర్చోబెట్టాడు కదా. వంగి నా పమిట సర్దాడు. అప్పుడు చెవిలో చెప్పా. 'కంటి మందు కిటికీలో ఉండిపోయిందిరా' అని. ఎటూ పోయే కళ్ల కోసం. నీకు చెప్పే ధైర్యం లేక ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా. నువ్వు రోజూ 'మందు వేసుకున్నారా' అని అడుగుతుంటే, నీకు తెలిసే అడుగుతున్నావని అనుకునేదాన్ని."

కోడలు నేల మీద కూలబడింది. కుంచె ఒళ్లో పడి బట్టలకి రంగంటింది. తీయలేదు. "నేను ఫోటోల పెట్టె తెమ్మన్నాను అత్తయ్యా" అంది. "మెట్ల మీద చెప్పాను. మీరు విన్నారనుకున్నాను. అందుకే మీరు నాతో మాట్లాడట్లేదని..."

"నేనేం వినలేదమ్మా. వాన చప్పుడు తప్ప ఇంకేం వినబడింది ఆ రోజు?"

కోడలికి ఏడుపు వచ్చింది. అతను పోయాక మొదటిసారి గొంతు విప్పి ఏడ్చింది. ముసలావిడ స్టూలు మీంచి దిగి, తడుముకుంటూ వచ్చి, పక్కన నేల మీద కూర్చుని, తల ఒళ్లోకి తీసుకుంది. ఆవిడ కళ్లలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

కొంతసేపయ్యాక అత్తగారు అంది. "దేనికి వెళ్లాడో మనకి తెలీదు. నీ పెట్టెకో, నా మందుకో, బండి తాళం మర్చిపోయాడో. ఎవరైనా చెప్పారని వెళ్లే రకమా వాడు? చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట ఒక్కటి విన్నాడా? వెళ్లాలనిపించింది, వెళ్లాడు." ఆవిడ ఆ మాటని నమ్మి అన్నదో, కోడలి కోసం అన్నదో, ఆవిడకే తెలిసినట్టు లేదు. తల బొమ్మ వైపు తిప్పి, "ఆ బురద తుడిచెయ్యి. వాడి మోకాళ్లు నాకు కనబడట్లేదు" అంది.

ఆమె గుడ్డ టర్పెంటైన్‌లో తడిపి తుడిచింది. ఎరుపు మళ్లీ బయటపడింది. ఇస్త్రీ పెట్టెల మీద మాత్రం ఆ రంగు కొంచెం మిగిలిపోయింది. దాన్ని అలాగే ఉంచారు.

బొమ్మ సంగతి ఊళ్లో పాకింది. ఒక మధ్యాహ్నం పల్లపు వీధిలో ఉండే బస్సు కండక్టరు వచ్చాడు. వరదలో అతని భార్య పోయింది. ఆవిడ కూడా దొరకని పదకొండు మందిలో ఒకరు. బొమ్మ ముందు టోపీ తీసి నిలబడి, చివరికి అన్నాడు. "చెల్లెమ్మా, మా ఆవిణ్ణి కూడా చేసి పెట్టవా?"

"నాకు మీ ఆవిడ తెలీదన్నయ్యా. నేను చేస్తే ఎవరో వస్తారు. మీరే చెయ్యండి. వస్తువులు మీరు ఏరుకురండి, అతకడానికి బాబాయ్ ఉన్నాడు. రంగు మాత్రం నేను కలుపుతాను."

"నాకు టిక్కెట్లు చింపడం తప్ప ఏం వచ్చు?"

"నాకేం వచ్చని చేశాను?"

అతను వారం తర్వాత ఒక గోనెసంచీ మోసుకొచ్చాడు. కుట్టు మిషను చక్రం, గుండీల డబ్బా, గొడుగు ఊచలు. రంగు దగ్గర గంటన్నర పట్టింది. "మరీ తెలుపు కాదు. అలాగని నలుపు కాదు. ఏం చెప్పమంటావు, మా ఆవిడ రంగు" అంటూ తికమకపడ్డాడు. ఆమె కలుపుతూ పోయింది. పుల్లతో అట్ట మీద గీతలు గీస్తూ పోయింది. ముప్ఫై ఏడో గీత దగ్గర కండక్టరు "ఆగు" అన్నాడు. అంతే, గుమ్మంలో అట్టముక్క పట్టుకుని కూర్చుండిపోయాడు. దుకాణంలోకి వచ్చేవాళ్లు అతన్ని దాటుకుని వెళ్లారు. ఎవరూ లెమ్మని అనలేదు.

తర్వాత, మనిషి దొరకని మిగతా ఇళ్లవాళ్లు వచ్చారు. అందరూ చెయ్యలేదు. ఒకావిడ కూతురి రంగు కలిపించుకుంది కానీ బొమ్మ వద్దంది. డబ్బా గుండెకి హత్తుకుని తీసుకెళ్లిపోయింది. ఇద్దరు పెరటి దాకా వచ్చి, చూడలేక వెనక్కి వెళ్లారు. చివరికి ఏడుగురు తయారయ్యారు. పెరట్లో డబ్బాలు పెట్టుకోవడానికి చోటు లేదని ఓనరుగారు రోజూ సణిగేవాడు. వాన పడితే మాత్రం వాటి మీద టార్పాలిను తనే కప్పేవాడు.

మున్సిపాలిటీ నుంచి ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్తుడు. వీటిని బడి గోడ పక్కన, గుట్ట తీసేసిన స్థలంలో నిలబెడదామన్నాడు. అరుగు కట్టిస్తామన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. వెళ్లేముందు అతను, "ఒక్క విషయమమ్మా. ఈ రంగులు మరీ... నలుగురూ వచ్చే చోటు. అన్నిటికీ ఒకే సిల్వర్ రంగు వేయిస్తే హుందాగా ఉంటుంది. తుప్పు కూడా పట్టదు" అన్నాడు.

షేడ్‌కార్డు ఏదో అనబోయింది. ఈలోగా గుమ్మంలోంచి అత్తగారు అంది.

"బాబూ, అన్నిటికీ ఒకే రంగు వేస్తే నా కొడుకు ఎవరో నాకెలా తెలుస్తుంది?"

అధికారి ఆవిడ కళ్ల వైపు చూశాడు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నెల తిరక్కుండా ఏడుగురూ లారీలో వెళ్లి అరుగు మీద నిలబడ్డారు.

మరుసటి ఏడాదికి అత్తగారికి ఆ కొంచెం చూపు కూడా పోయింది. అయినా ప్రతి ఆదివారం కోడలి మోచెయ్యి పట్టుకుని బడి దాకా నడిచేది. ముందు కొడుకు మోకాళ్లు తడిమేది. తర్వాత మిగతా ఆరుగురినీ వరసగా పలకరించేది. కొత్తగా రంగు వేసి ఉంటే వాసనను బట్టి చెప్పేసేది.

ఒక ఆదివారం కండక్టరు అక్కడే ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని భార్య బొమ్మ బట్టలకి నీలం తీసేసి ఆకుపచ్చ వేస్తున్నాడు. కోడలు ఆ సంగతి అత్తగారికి చెప్పింది.

"ఎందుకు మార్చావు నాయనా?" అంది అత్తగారు.

"ఎన్నాళ్లని ఒకే బట్టల్లో ఉంటుంది పెద్దమ్మా, పాపం."

అత్తగారు అరుగు అంచున కూర్చుంది. కోడలు పక్కన కూర్చుంది. బడి ఆవరణలో ఎవరో బకెట్లతో నీళ్లు కొట్టి కడుగుతున్నారు. కొంతసేపటికి ముసలావిడ అడిగింది.

"మనవాడికి కూడా మారుద్దామా?"

"మీ ఇష్టం అత్తయ్యా. ఏం రంగు వేద్దాం?"

ఆవిడ ఆలోచించింది. చెయ్యి చాచి మళ్లీ ఒకసారి ఆ ఇనప వేళ్లు పట్టుకుని చూసింది.

"చూద్దాంలే. తొందరేముంది" అంది.

ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చున్నారు.